స్పాన్సర్ పెత్తనం చేస్తుంటే, గ్రూపు చీలుతుంటే ఏం చేయాలి?

ఎ.ఎ. (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానడానికి ఒకరికొకరు సాయపడేవాళ్ళ సంఘం) మీటింగులకు వెళ్ళేవాళ్ళూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. "డాక్టరిచ్చిన మాత్రలు మానేయమంటున్నాడు మా స్పాన్సర్, మానాలా?" "సెక్రటరీ ఏళ్ళ తరబడి దిగడం లేదు. ఎందుకని అడిగితే నీ అహం ఇంకా చావలేదంటాడు." "గ్రూపులో సగంమంది వేరే హాలు చూసుకుంటున్నారు, నేనెటు వెళ్ళాలి?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు వరసగా ఒకచోట రాస్తున్నాను. స్పాన్సర్ అంటే కొత్తవాడికి దారి చూపే పాత సభ్యుడు. ఎన్.ఎ. (మత్తుమందులు మానాలనుకునేవాళ్ళ సంఘం) వాళ్ళకూ ఇందులో ఎక్కువ భాగం పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. గొడవ ఎంత పెద్దదైనా, తప్పు ఎవరిదైనా, ఈ రోజు మీరు తాగకుండా ఉండటమే మొదటి పని. మిగతావన్నీ దాని తర్వాతే. గ్రూపు రాజకీయాల మీద కోపంతో అన్ని మీటింగులూ మానేసి, నెల తిరక్కుండా మళ్ళీ సీసా పట్టినవాళ్ళు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

కావలసినవి

- పన్నెండు సంప్రదాయాల ప్రతి. పన్నెండు మెట్లు మనిషి తాగుడు మానడానికి, సంప్రదాయాలు గ్రూపు నడవడానికి. తెలుగులో దొరుకుతుంది, చాలా హాళ్ళలో గోడకే ఉంటుంది. మెట్లు చదివినంత శ్రద్ధగా సంప్రదాయాలు ఎవరూ చదవరు, తగవులన్నిటికీ జవాబు ఉన్నది మాత్రం వాటిలోనే.
- మీ గ్రూపు కాకుండా ఇంకొక మీటింగు, ఆన్‌లైన్‌లోదైనా సరే.
- గ్రూపుతో సంబంధం లేని ఒక మనిషి. డాక్టరు, కౌన్సెలర్, అక్క, చిన్ననాటి స్నేహితుడు ఎవరైనా కావచ్చు.
- ఒక నోటుబుక్కు. ఎవరు ఏ రోజు ఏమన్నారో రాసుకోవడానికి.
- 14446 నంబరు. మద్యం, మత్తుమందుల సమస్యకు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఇది. మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416.

1. స్పాన్సర్ పని ఎక్కడిదాకానో తెలుసుకోండి

ఎ.ఎ. 1935లో అమెరికాలో, ఒహాయోలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలవడంతో మొదలైంది. తొలి రోజుల్లో ఆసుపత్రిలో చేరే తాగుబోతుకు ఒక పాత సభ్యుడు పూచీ ఉండి, రోజూ వెళ్ళి చూసి, బయటికొచ్చాక మీటింగుకు తీసుకెళ్ళేవాడు. 1939 చివర్లో క్లీవ్‌లాండ్‌లో ఒక పత్రిక వరసగా వ్యాసాలు వేయడంతో కొత్తవాళ్ళు కుప్పలు తెప్పలుగా వచ్చారు. అంతమందినీ చూసుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క పాతవాణ్ణి అప్పగించే పద్ధతి అక్కడే గట్టిపడింది. స్పాన్సర్ ఏర్పాటు పుట్టింది సేవ కోసం. ఎవరికీ ఎవరి మీదా అధికారం ఇవ్వడానికి కాదు.

మన దగ్గర సమస్య ఇంకో దారిన వస్తుంది. మనకు గురుభక్తి ఎక్కువ. ప్రాణం పోసినవాణ్ణి అన్నా అనో గురువుగారూ అనో పిలుస్తాం, కాళ్ళకు దండం పెడతాం. ఆ గౌరవం తప్పు కాదు. కానీ ఆ దండం తీసుకునే మనిషీ నిన్నటిదాకా తాగినవాడే, రేపు స్లిప్ అయ్యే (మళ్ళీ తాగే) అవకాశం ఆయనకూ ఉంది.

స్పాన్సర్ మీతో మెట్లు చేయించాలి, ఫోన్ చేస్తే ఎత్తాలి, తన అనుభవం చెప్పాలి. మీ పెళ్ళి, ఉద్యోగం, ఆస్తి, ఓటు, మతం, మందులచీటీ ఆయన పరిధిలోవి కావు. వీటిలో ఏదైనా మీరే సలహా అడిగితే చెప్పవచ్చు. "నేను చెప్పినట్టు చేయకపోతే నీ స్పాన్సర్‌గా ఉండను" అన్నాడంటే గీత దాటినట్టే.

2. కటువుగా ఉన్నాడా, పెత్తనం చేస్తున్నాడా? తేల్చుకోండి

ఇది సరిగా చూసుకోకుండా చాలామంది మంచి స్పాన్సర్‌ని వదులుకుంటారు, చెడ్డవాణ్ణి పట్టుకు వేలాడతారు. "నీకు నువ్వే అబద్ధం చెప్పుకుంటున్నావు" అని ముఖం మీద అనేవాడు కటువైనవాడు. వినడానికి కష్టంగా ఉంటుంది, అవసరం కూడా ఉంటుంది. పెత్తనానికి గుర్తులు వేరు:

- వేరే మీటింగుకు వెళ్ళొద్దు, వేరేవాళ్ళతో మాట్లాడొద్దు అంటాడు.
- ఇంట్లోవాళ్ళకు దూరం చేస్తాడు.
- మీ నుంచి అప్పు తీసుకుంటాడు, మీకు అప్పిస్తాడు, చీటీలోనో ప్లాటు బేరంలోనో ఇన్సూరెన్స్ పాలసీలోనో కలుపుతాడు.
- అయిదో మెట్టులో (చేసిన తప్పులు ఒక మనిషికి చెప్పుకోవడం) మీరు చెప్పుకున్న రహస్యాలను పక్కవాళ్ళ దగ్గర సూచనగా వాడతాడు, లేదా వాడతానని బెదిరిస్తాడు.
- కాదన్న ప్రతిసారీ "అది నీ జబ్బు మాట్లాడుతోంది" అంటాడు.
- ఆడవాళ్ళ విషయంలో: రాత్రిపూట ఫోన్లు, ఒంటరిగా కలవమనడం, కౌగిలింతలు.

చివరి గుర్తు గురించి కాస్త వివరంగా. పాతవాళ్ళు కొత్తగా వచ్చిన ఆడవాళ్ళ మీద కన్నేయడాన్ని సభ్యులు 'పదమూడో మెట్టు' అంటారు. నవ్వుతూ చెప్పుకుంటారు గానీ ఇందులో నవ్వడానికేమీ లేదు. అమెరికాలోని వాషింగ్టన్‌లో మిడ్‌టౌన్ అనే గ్రూపు మీద 2007లో అక్కడి పత్రికలు రాశాయి. కుర్ర అమ్మాయిలను పెద్ద వయసు సభ్యులతో సంబంధాలకు నెట్టారని, మాత్రలు మానిపించారని, బయటి స్నేహాలు తెంచారని మాజీ సభ్యులు ఆరోపించారు. అప్పుడు జనానికి తెలిసివచ్చింది ఒకటుంది: ఎ.ఎ.లో పై నుంచి వచ్చి ఒక గ్రూపును మూసేసే అధికారి లేడు. నాలుగో సంప్రదాయం ప్రకారం ప్రతి గ్రూపూ స్వతంత్రం. కాబట్టి కాపలా కాయాల్సింది గ్రూపులో కూర్చున్నవాళ్ళే.

మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు స్పాన్సర్‌గా ఉండటం మంచిదని ఎ.ఎ. సలహా. మన ఊళ్ళలో చాలా గ్రూపుల్లో ఆడవాళ్ళు ఒకరిద్దరికి మించి ఉండరు. అలాంటప్పుడు ఆన్‌లైన్ మహిళల మీటింగులో వేరే ఊరి స్పాన్సర్‌ని ఫోన్ మీద పెట్టుకోండి. "ఇక్కడ ఆడవాళ్ళు లేరు కదమ్మా, నేనే చూసుకుంటాలే" అనే మగమనిషికి ఒప్పుకోవద్దు.

పై గుర్తుల్లో రెండు మూడు మీ నోటుబుక్కులో తేదీలతో సహా కనిపిస్తే తర్వాతి అంచెకు వెళ్ళండి. బెదిరింపో లైంగిక వేధింపో ఒక్కసారి జరిగినా చాలు, ఎదురుచూడకండి. దెబ్బలదాకా వస్తే అది గ్రూపు వ్యవహారం కాదు, 112కు ఫోన్ చేయాల్సిన వ్యవహారం.

3. మాత్రల సంగతి డాక్టరుతోనే

దీన్ని విడిగా రాస్తున్నది ఇక్కడ ప్రాణాలు పోతాయి కాబట్టి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, వణుకు, మతిభ్రమ, జ్వరంతో డెలీరియం రావచ్చు. ఇంట్లో గది తలుపేసి "స్పాన్సర్ పక్కనున్నాడులే" అనుకునే పరిస్థితి కాదిది, ఆసుపత్రిలో చేరాలి. అలాగే డిప్రెషన్‌కో బైపోలార్‌కో వాడే మాత్రలను "అదీ మత్తే" అని మానిపించేవాళ్ళున్నారు. ఏ సభ్యుడూ డాక్టరు వేషం వేయకూడదని ఎ.ఎ. కరపత్రంలోనే ఉంది. ఆ కరపత్రం సంపాదించి చూపించండి. అప్పటికీ వినకపోతే స్పాన్సర్‌ని మార్చండి, మాత్రలను మార్చకండి.

4. స్పాన్సర్‌ని మర్యాదగా మార్చండి

ఎవరి అనుమతీ అక్కర్లేదు. కారణాల జాబితా చదవనక్కర్లేదు. ఇలా చెబితే చాలు: "అన్నా, ఇన్నాళ్ళు నాకు సాయం చేశారు, మరిచిపోను. ఇకనుంచి ఇంకొకరితో మెట్లు చేయాలనుకుంటున్నాను." ఎదురుగా చెప్పడానికి భయమైతే మెసేజ్ పెట్టండి. వాదనకు దిగితే "నేను నిర్ణయించుకున్నాను" అని అదే మాట మళ్ళీ చెప్పండి.

చెప్పేముందే కొత్త స్పాన్సర్‌ని, లేదంటే తాత్కాలికంగా ఒకరిని చూసుకోండి. మధ్యలో ఎవరూ లేని ఆ వారం పది రోజులే ప్రమాదం.

అయిదో మెట్టు స్పాన్సర్‌తోనే చేయాలన్న రూలు లేదు. ఫాదరు, డాక్టరు, నమ్మకమున్న బయటి మనిషి ఎవరైనా పరవాలేదని ఎ.ఎ. మూల పుస్తకమే చెబుతుంది. కోర్టుదాకా వెళ్ళగల విషయాలు మీ గతంలో ఉంటే ముందు వకీలుతో మాట్లాడండి. వకీలుకు చెప్పినదానికి ఉన్నట్టు, స్పాన్సర్‌కు చెప్పినదానికి చట్టంలో గోప్యత రక్షణ లేదు.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట. "మా ఆయన స్పాన్సర్ మాట తప్ప నా మాట వినడు" అని చాలామంది భార్యలు బాధపడతారు. స్పాన్సర్‌కు ఫోన్ చేసి భర్త మీద ఫిర్యాదు చేయడం, భర్త గురించి ఆయన దగ్గర కూపీ లాగడం రెండూ బెడిసికొడతాయి. మీకోసం అల్-అనాన్ ఉంది, 1951 నుంచి కుటుంబాలకోసమే నడుస్తోంది. అక్కడికి వెళ్ళండి.

5. గ్రూపులో అధికారం ఎక్కడుందో చూడండి

రెండో సంప్రదాయం ప్రకారం నాయకులు నమ్మకమైన సేవకులు మాత్రమే, వాళ్ళు పాలించరు. గోడ మీద అదే ఉంటుంది. నిజంగా ఎక్కడుందో తెలియాలంటే నాలుగు చూడండి: హాలు తాళంచెవి, డబ్బు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్, మీటింగులో ఎవరు షేర్ చేయాలో (తన అనుభవం చెప్పాలో) పిలిచే అధికారం. నాలుగూ ఒక్క మనిషి చేతిలోనే ఉంటే ఆయన ఎంత మంచివాడైనా గ్రూపు ఆయన సొంతమైపోయినట్టే.

ఇది ఎటు పోగలదో తెలియాలంటే సినానాన్ కథ చూడండి. ఎ.ఎ. సభ్యుడైన చార్లెస్ డెడరిక్ 1958లో కాలిఫోర్నియాలో దాన్ని పెట్టాడు. హెరాయిన్ మానిపించే చోటుగా దేశమంతా మెచ్చుకుంది. మెల్లమెల్లగా అంతా ఆయన మాటే అయింది. 1970లలో సభ్యులకు గుండ్లు కొట్టించారు, మగవాళ్ళకు వేసెక్టమీలు చేయించారు, భార్యాభర్తలను విడదీసి జంటలు మార్పించారు. 1978లో తమ మీద కేసు నడిపిన వకీలు ఇంటి పోస్టు డబ్బాలో రాటిల్‌స్నేక్ అనే విషపు పామును పెట్టారు. ఆ వకీలు కాటుకు గురై బతికాడు. డెడరిక్ 1980లో కోర్టులో ఆరోపణలకు ఎదురు చెప్పకుండా శిక్షకు ఒప్పుకున్నాడు. మీ సెక్రటరీ అంతవాడని కాదు. కానీ అక్కడా మొదలైంది ఒక ఇంట్లో జరిగిన మామూలు మీటింగులతోనే.

సరిచేసే పద్ధతి:

- పదవులు ఆరు నెలలకో ఏడాదికో మారాలి. తేదీ ముందే రాసిపెట్టండి, "ఎవరూ ముందుకు రావడం లేదు కాబట్టి నేనే" అనే మాటకు తావుండదు.
- తాళంచెవులు ఇద్దరి దగ్గర, అడ్మిన్లు ముగ్గురు.
- సంచిలో పడిన డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, నెలకోసారి లెక్క చదవాలి. ఇప్పుడందరూ ఫోన్‌పే కొడుతున్నారు, అది ట్రెజరర్ సొంత ఖాతాలోకి పోయి ఇంటిఖర్చుతో కలిసిపోతుంది. గ్రూపు డబ్బుకే వాడే ఖాతా ఒకటి పెట్టి, స్టేట్‌మెంట్ రెండో మనిషికీ కనిపించేలా చేయండి.
- రెండు మూడు నెలల అద్దెకు సరిపడా నిల్వ చాలు. అంతకు మించి పోగైతే దాని చుట్టూ తగవులు మొదలవుతాయి.

6. గ్రూప్ కాన్షియన్స్ సరిగ్గా జరపండి

గ్రూప్ కాన్షియన్స్ అంటే గ్రూపంతా కూర్చుని నిర్ణయం తీసుకునే సమావేశం. చీలికలు ఎక్కువగా పుట్టేది నిర్ణయం వల్ల కాదు, అది తీసుకున్న తీరు వల్ల. రెండు వారాల ముందు విషయం చెప్పండి. మామూలు మీటింగు అయ్యాక వేరే సమయంలో పెట్టండి, కొత్తగా వచ్చినవాళ్ళు పాతవాళ్ళ కొట్లాట చూడకూడదు. తగవులో ఉన్నవాళ్ళు అధ్యక్షత వహించవద్దు. పక్క గ్రూపు నుంచి ఇంటర్‌గ్రూపు (ఆ ప్రాంతం గ్రూపులకు ఉమ్మడి సేవా సంఘం) సభ్యుణ్ణి పిలవవచ్చు.

ఓటు తర్వాత ఆగండి. ఓడిన పక్షాన్ని మళ్ళీ మాట్లాడమనండి, ఆ తర్వాత ఎవరైనా మనసు మార్చుకున్నారేమో అడగండి. ఎ.ఎ. సేవావ్యవస్థలో అల్పసంఖ్యాకుల గొంతు వినడం ఒక హక్కు. పదకొండు మందిలో ఆరుగురు చేయెత్తితే సంతోషించకండి. మూడింట రెండు వంతులు రాకపోతే వాయిదా వేయడమే మేలు. ఎన్నికల్లో తేలకపోతే చీట్లు వేసి తీయడం ఎ.ఎ.లో ఉన్న పద్ధతే. అందులో గెలిచినవాడికి గర్వం ఉండదు, ఓడినవాడికి అవమానం ఉండదు.

ఓటు రోజు మాత్రమే ప్రత్యక్షమయ్యేవాళ్ళు, తమ స్పాన్సీలను (తాము స్పాన్సర్‌గా ఉన్నవాళ్ళను) వెంటేసుకొచ్చి చేతులెత్తించేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఎవరికి ఓటుందో, ఇది ఎవరి హోమ్ గ్రూపో (ఎవరు దీన్ని తమ సొంత గ్రూపుగా పెట్టుకున్నారో) తగవు రాకముందే రాసిపెట్టుకోండి.

ఒకరిని గ్రూపు నుంచి బహిష్కరించవచ్చా? సభ్యత్వం తీసేసే అధికారం ఎవరికీ లేదు. తాగుడు మానాలన్న కోరికే మూడో సంప్రదాయం అడిగే ఒకే ఒక్క అర్హత. మీటింగును పాడుచేసేవాణ్ణి, వేధించేవాణ్ణి ఈ మీటింగుకు రావద్దని చెప్పే హక్కు మాత్రం గ్రూపుకుంది. వేధింపు విషయంలో మొహమాటపడితే రావడం మానేసేది ఆ అమ్మాయి, ఆ మనిషి కాదు.

7. చీలక తప్పకపోతే ఇలా చీలండి

చీలిక పాపమేమీ కాదు. ఎ.ఎ. పుట్టిందే చీలికలోంచి. మొదట్లో వాళ్ళంతా ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉద్యమంలో భాగం. న్యూయార్క్ వాళ్ళు 1937లో బయటికొచ్చారు. క్లీవ్‌లాండ్‌లో ఉన్న కాథలిక్కులకు ఆక్స్‌ఫర్డ్ గ్రూపులో కూర్చోవడానికి వాళ్ళ చర్చి ఒప్పుకోలేదు. అందుకని 1939 మే నెలలో క్లారెన్స్ స్నైడర్ అక్కడ వేరే మీటింగు పెట్టాడు. ఆక్రన్‌లో కొందరికి అది నచ్చలేదు. కానీ ఆ వేరుపడ్డ చోటే పైన చెప్పిన స్పాన్సర్ పద్ధతిని నిలబెట్టింది, ఇంకా ఎన్నో గ్రూపులను కన్నది.

కారణం కాగితం మీద రాయండి. భాష, దూరం, సమయం, ఆడవాళ్ళకు విడి మీటింగు ఇవన్నీ ఆరోగ్యమైన కారణాలు. హైదరాబాద్ లాంటి చోట ఇంగ్లీషు మీటింగులో నోరు విప్పలేనివాడు తెలుగు మీటింగులో గంటసేపు మాట్లాడతాడు. కాగితం మీద ఒక మనిషి పేరు తప్ప ఇంకేమీ రాకపోతే ఒక నెల ఆగండి. కులమో మతమో రాజకీయ పార్టీయో కారణమైతే, అది పైకి చెప్పకపోయినా, అలా పెట్టిన గ్రూపులోకి రేపు కొత్తవాడు అడుగు పెట్టలేడు.

కారణం నిలబడితే:

- అదే రోజు అదే గంటకు పెట్టకండి. వేరే రోజైతే ఊరికి ఒక మీటింగు పెరిగినట్టు, అదే గంటకైతే ఉన్నదాన్ని కోసినట్టు.
- పేరు వేరేది పెట్టుకోండి. 'అసలు', 'నిజమైన' లాంటి మాటలు పేరులో వద్దు.
- పాత గ్రూపు నిల్వ డబ్బు, పుస్తకాలు అడగకండి. వాళ్ళంతట వాళ్ళు పంచితే తీసుకోండి.
- వాట్సాప్ జాబితాలోంచి నంబర్లు ఎత్తుకుని అందరికీ మెసేజ్ పెట్టవద్దు. అది అజ్ఞాతత్వాన్ని ఉల్లంఘించడమే.
- మీ స్పాన్సీలను రమ్మని అడగకండి. వాళ్ళు పాత గ్రూపులోనే ఉండి మీతో మెట్లు కొనసాగించవచ్చు, ఆ మాట మీరే ముందు చెప్పండి.
- ఇంటర్‌గ్రూపుకు తెలియజేసి మీటింగుల జాబితాలో చేర్పించండి.
- మొదటి రోజునుంచే రెండు గ్రూపుల వేళలూ చదివి వినిపించండి. కొత్తవాడికి మీ తగవుతో పనిలేదు, ఈ సాయంత్రం ఎక్కడ కూర్చోవాలన్నదే అతని బాధ.

హాలు దొరకలేదా? చర్చి గది, స్కూలు గది, కమ్యూనిటీ హాలు అడగండి, ఎంత తక్కువైనా అద్దె కట్టండి. ఉచితంగా ఇచ్చినవాడి మాట తర్వాత వినాల్సి వస్తుంది, గ్రూపు తన ఖర్చు తానే పెట్టుకోవాలనే ఏడో సంప్రదాయం ఉన్నది అందుకే. ఇద్దరు ముగ్గురే ఉన్నారా? చాలు, అదీ గ్రూపే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

షేరింగ్‌ను ఆయుధం చేయడం అన్నిటికంటే పెద్దది. "కొందరుంటారు, సోబర్ అయి పదేళ్ళయినా బుద్ధి మారదు" అని పేరెత్తకుండా సూటిపోటి మాటలు. అవి ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలి ఊరుకోవు, మూలన కూర్చున్న కొత్తవాడికీ తగులుతాయి. చెప్పాల్సింది ఉంటే టీ తాగేప్పుడు ముఖాముఖి చెప్పండి, లేదా గ్రూప్ కాన్షియన్స్‌లో పెట్టండి.

రెండోది, ఒకరి స్లిప్‌ను వాదనలో వాడటం. "చూశారా, అటు వెళ్ళాడు, తాగాడు." దీనివల్ల తాగినవాడు ఏ గ్రూపుకూ తిరిగి రాలేకపోతాడు.

ఇక సోబ్రైటీ (తాగకుండా ఉన్న) ఏళ్ళను ఓట్లుగా లెక్కపెట్టడం. ఇరవై ఏళ్ళ సభ్యుడి అనుభవానికి చెవి ఇవ్వాలి. ఓటు మాత్రం ఆయనదీ ఒక్కటే. గొడవను ఫేస్‌బుక్‌కు ఎక్కించడం గురించి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు నెలల తర్వాత చూడండి. కొత్త స్పాన్సర్ విషయంలో: ఆయనతో ఒక విషయంలో కాదన్నాక కూడా మర్నాడు నిశ్చింతగా ఫోన్ చేయగలుగుతున్నారా? ఆయనకు చెప్పకుండా వేరే మీటింగుకు వెళ్ళొస్తే గుండె దడదడలాడుతోందా? ఇంట్లోవాళ్ళతో మీ మాటలు పెరిగాయా, తగ్గాయా?

గ్రూపు విషయంలో: అందరికంటే పాత సభ్యుడు రెండు వారాలు రాకపోయినా మీటింగు సమయానికి మొదలైందా? ఈ నెల లెక్క చదివారా? ఒకసారి వచ్చిన కొత్తవాడు రెండోసారి వచ్చాడా? చీలిపోయినవాళ్ళలో ఎవరిదైనా సోబ్రైటీ బర్త్‌డే వస్తే ఇటువాళ్ళు వెళ్ళి చప్పట్లు కొట్టారా?

గ్రూపు గురించిన జవాబుల్లో ఎక్కువ భాగం 'లేదు' అయితే మళ్ళీ అయిదో అంచె నుంచి మొదలుపెట్టండి. ఆ నాలుగింటిలో ఏదో ఒకటి ఇంకా ఒకే చేతిలో ఉండి ఉంటుంది, ఎక్కువసార్లు అది తాళంచెవే.